'రోజులు బాగాలేవు' అనే మాటకు ఒక జవాబు



చాలాకాలం తరువాత మళ్ళీ ఈ పుట తెరిచి కూర్చున్నాను. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసపరంపర సగంలో ఆగి ఉన్నదనీ, మిమ్మల్ని సీసపద్యం దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాననీ నాకు గుర్తున్నది. దాని సంగతి తరువాత. ఈ టపాలో ఛందస్సు లేదు, కొంచెం కోపం ఉన్నది. ఆ కోపంలో పెద్దపాలు నా మీదనే గనుక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు.

హైదరాబాదులో ఏడవ తరగతి చదువుతున్న మా మనవరాలి బడివారు రెండు రాత్రుల శిబిరం ఒకటి తలపెట్టారు. ఊరి బయట గుట్టల దగ్గర డేరాలు వేసుకొని ఉండడం, బండలు ఎక్కడం, దిక్సూచి చూసుకొని దారి పట్టడం, జట్లుగా వంట చేసుకోవడం అందులోని కార్యక్రమాలు. పిల్ల అనుమతి పత్రం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. మా అబ్బాయి చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, కూతురంటే ప్రాణం పెట్టేవాడు. పత్రం చదివి, మడిచి బల్ల మీద పెట్టి, "వద్దమ్మా, రోజులు బాగాలేవు" అన్నాడు. పిల్ల "తాతయ్యా, నువ్వు చెప్పవూ" అన్నట్లు నా వంక చూసింది. నేను తలవంచుకున్నాను. ఎందుకు తలవంచుకున్నానో చెప్పడానికే ఇదంతా వ్రాస్తున్నాను.

1996లో నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. మా బడిలో మగపిల్లలకు స్కౌటు దళం, ఆడపిల్లలకు గైడు దళం రెండూ ఉండేవి. జిల్లా శిబిరానికి పిలుపు వచ్చింది. మగపిల్లల ప్రయాణం వెంటనే ఖాయమైంది. ఆడపిల్లల మాట వచ్చేసరికి ప్రధానోపాధ్యాయులవారు నన్ను పిలిపించి, "పండితులుగారూ, ఎవరికీ నొప్పి కలగకుండా కాదని ఒక ఉత్తరం వ్రాసిపెట్టండి" అన్నారు. వ్రాశాను. "దినములు బాగులేనందునను, బాలికల క్షేమమును దృష్టియందుంచుకొనియు" అని ఎత్తుకొని, ఎనిమిది పంక్తులు సాగే ఒకే ఒక వాక్యాన్ని, ఎక్కడా అన్వయం చెడకుండా వ్రాశాను. ఆనాడు దాన్ని చూసుకొని కొంత మురిసిపోయాను కూడ.

మరునాడు ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె చేతిసంచితో బడికి వచ్చింది. సంచిలో కంచం, గ్లాసు, దుప్పటి, చుట్టగా చుట్టిన తాడు. శిబిరం కోసమని రెండు రోజుల ముందే సర్దుకున్నదట. వెళ్ళడం లేదన్న కబురు ఆమెకు ఇంకా అందలేదు. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఆ ఉత్తరం మీరే వ్రాశారటగా. చాలా బాగా వ్రాశారని సార్లందరూ అంటున్నారు" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. గురువుగారి భాష బాగున్నదని శిష్యురాలి సంతోషం, అంతే. ఎత్తిపొడిచి ఉంటే ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

మరుసటి సంవత్సరం కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయినిగారు ఆడపిల్లలను శిబిరానికి పంపించారు. గైడు కెప్టెనుగా ఉన్న టీచరుగారికి తోడుగా ఒక పెద్దమనిషి వెళ్ళాలన్నారు. ఆ పెద్దమనిషిని నేనే. రెండవ నాటి రాత్రి వాన పట్టుకున్నది. కాన్వాసు డేరాలు, నూలు తాళ్ళు, కర్ర మేకులు. నేను టార్చిలైటు పట్టుకొని బయటికి వచ్చి, డేరాలు ఊగడం చూసి కంగారుపడి, "తాళ్ళు బిగించండర్రా, బిగించండి!" అని కేకలు వేశాను. నిరుడు సంచితో వచ్చిన పిల్లే ఆ ఏడు ఒక జట్టుకు నాయకురాలు. పరుగున వచ్చి, "కాదు మాస్టారూ, వదులు చెయ్యాలి. తడిస్తే తాడు బిగుసుకొని పొట్టిదవుతుంది. మనం ఇంకా లాగితే మేకు ఊడి వచ్చేస్తుంది" అన్నది. నా సమాధానం కోసం ఆగలేదు. జట్టులో పిల్లలందరినీ పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరిని ఒక్కొక్క మేకు దగ్గర నిలబెట్టి, తాళ్ళన్నీ సమంగా వదులు చేయించి, డేరా చుట్టూ గాడి తీయించి నీళ్ళు పల్లానికి మళ్ళించింది. నా డేరా తాళ్ళు మాత్రం నేనే బిగించుకున్నాను. తెల్లవారేసరికి అది ఒక మూలకు ఒరిగి ఉన్నది.

తరగతిలో పద్యం అప్పజెప్పమంటే గోడకేసి చూసే పిల్ల ఆమె. గొంతు పెగిలేది కాదు. ధైర్యాన్ని గురించి నేను ఆమెకు ఎన్ని సుభాషితాలు వల్లె వేయించానో లెక్కలేదు. అవేవీ చేయని పనిని ఒక నూలుతాడు, వానరాత్రి, తన మాట కోసం చూస్తున్న నలుగురు తోటిపిల్లలు కలిసి చేశారు. ఆత్మవిశ్వాసం ఉపన్యాసం వల్ల వచ్చేది కాదని నాకు ఆ రాత్రి తెలిసింది. చేతికి ఒక విద్య వచ్చి ఉండాలి. ఆ విద్య మీద మరికొందరు ఆధారపడి ఉండాలి. తప్పు జరిగితే తడిసిపోయేది తామే అయి ఉండాలి. ఈ మూడూ కలిసిన చోట ధైర్యం తనంతట తానే పుడుతుంది. పద్యానికి ఆ శక్తి లేదని పండితుడనైన నేనే ఒప్పుకుంటున్నాను.

గైడు ఉద్యమం పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. 1909లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసులో బాలుర స్కౌటు సమ్మేళనం జరిగితే, పిలవని పేరంటానికి కొందరు ఆడపిల్లలు తామే టోపీలు పెట్టుకొని వచ్చి నిలబడ్డారు. వారిని కాదనలేక 1910లో గైడు సంస్థను ఏర్పరచి, దాని బాధ్యతను బేడెన్ పావెల్ తన సోదరి ఆగ్నెస్‌కు అప్పగించాడు. 1911లో మన దేశంలో తొలి గైడు దళం జబల్పూరులో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ రూపొందగా, 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం అందులో కలిసింది. ఇందులో అసలు కిటుకు జట్టు పద్ధతి. ఆరుగురు మొదలు ఎనిమిదిమంది పిల్లలు, వారిలోనే ఒక నాయకురాలు. కట్టెలు తెచ్చేదొకరు, పొయ్యి రాజేసేదొకరు, గాయానికి కట్టు కట్టేదొకరు. రెండు సమానమైన తాళ్ళను కలపడానికి ఒక ముడి, కర్రకు తాడు కట్టడానికి ఒక ముడి. బావిలో పడ్డవారి నడుముకు వేసి పైకి లాగినా బిగిసిపోని ముడి మరొకటి. అన్నం మాడితే మాడిన అన్నమే అందరూ తినాలి. పెద్దలు దూరంగా నిలబడి చూడాలి. మనకు చేతకానిది ఈ చివరిదే.

మన బడులలో ఆడపిల్లలకు మిగిలినదేమిటో చూడండి. ఆటస్థలం మగపిల్లలది. క్రికెట్టు వికెట్లు పాతిన తరువాత ఆడపిల్లలు గోడవారన నడిచి వెళ్ళాలి. వార్షికోత్సవంలో ఆడపిల్లలకు పెట్టే పోటీలు ఏవి? చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట, ముగ్గులు. పదిహేనేళ్ళ పిల్ల నోట చెంచా కరచుకొని, నిమ్మకాయ పడకుండా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంటే మనం చప్పట్లు కొడతాం. ఆ పోటీకి న్యాయనిర్ణేతగా నేను ఎన్ని ఏళ్ళు కూర్చున్నానో! 'పడకుండా జాగ్రత్త' అనే ఒక్క పాఠాన్ని ఆట పేరుతో నేర్పుతున్నామని నాకు ఏనాడూ తోచలేదు.

2019లో లాన్సెట్ వారి పత్రికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అధ్యయనం ఒకటి వెలువడింది. 146 దేశాలలో 11 నుంచి 17 ఏళ్ళ బడిపిల్లల లెక్కలు తీస్తే, చాలినంత శరీరవ్యాయామం లేనివారు మగపిల్లలలో 78 శాతం, ఆడపిల్లలలో 85 శాతం అని తేలింది. మన దేశపు ఆడపిల్లలు ఈ విషయంలో ఇతర దేశాలవారి కంటె మెరుగట. సంతోషించబోతుండగా కారణం కనపడింది. మగపిల్లలకు క్రికెట్టు వంటి ఆటలు, ఆడపిల్లలకు ఇంటిపని కారణమై ఉండవచ్చునని ఆ పరిశోధకుల ఊహ. అంట్లు తోమడం, నీళ్ళు మోయడం మన పిల్లలకు వ్యాయామమైనాయన్న మాట. దీనికి గర్వపడాలో సిగ్గుపడాలో మీరే తేల్చండి.

ఇక పూర్వపక్షాల దగ్గరికి వస్తాను. ఇవన్నీ ఒకప్పుడు నేను చేసిన వాదాలే గనుక వాటిని తక్కువ చేసి చెప్పను.

మొదటిది, రోజులు బాగాలేవన్నది. నిజమే, బాగాలేవు. ఎన్నడు బాగున్నాయి? 1996లోనూ బాగాలేవని నేనే లిఖితపూర్వకంగా ధ్రువీకరించాను. అయితే ఆపద ఎక్కడ ఉన్నది? జాతీయ నేర గణాంకాల సంస్థవారు ఏటేటా ప్రకటించే లెక్కలలో, నమోదైన అత్యాచారాలలో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువో, పొరుగువాడో, పరిచయస్తుడో. గుట్ట మీద డేరాలో ఉన్న పదిమంది పిల్లల కంటె, తలుపు వేసిన ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లకే ఆపద దగ్గర. అటువంటి వేళ ఆమెకు కావలసినవి, 'వద్దు' అని గట్టిగా అనగల గొంతు, జరిగినదాన్ని చెప్పుకోగల ఒక స్నేహితురాలు. ఇవి రెండూ గోడల మధ్య పుట్టవు. ప్రభుత్వ పాఠశాలలలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ పెట్టారు, మంచిదే. కాని కొన్ని వారాలు పిడికిలి బిగించడం నేర్పి, తక్కిన కాలమంతా "నోరెత్తకు, తల దించుకో" అని నేర్పితే ఆ పిడికిలి సమయానికి లేస్తుందా?

ప్రమాదాల మాట తీసుకోండి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో ఆనకట్ట నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదలడంతో, హైదరాబాదు నుంచి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ దృశ్యం చూసిన తల్లిదండ్రులెవరూ దాన్ని మరచిపోలేరు. కాని గమనించండి. పోయినవారిలో ఎక్కువమంది మగపిల్లలు. దాని తరువాత మగపిల్లలను విహారాలకు పంపడం ఎవరైనా మానుకున్నారా? మానుకోలేదు, మానుకోవాలని నేననను. నదిని చదవడం నేర్పాలి, స్థలం తెలిసినవారిని వెంట పంపాలి, ఏర్పాట్లను గురించి బడివారిని నిలదీసి అడగాలి. మగపిల్లవాడి విషయంలో 'జాగ్రత్తగా వెళ్ళు' అయ్యే భయం, ఆడపిల్ల విషయంలో 'వెళ్ళనే వద్దు' ఎందుకవుతున్నది? అది క్షేమచింత ఒక్కటే అయితే ఇద్దరికీ ఒకటిగానే ఉండాలి గదా.

రెండవది, ఇది మన సంప్రదాయం కాదన్నది. ఈ మాట అనేవారు అట్లతద్దిని ఎప్పుడైనా చూశారా? ఆశ్వయుజ బహుళ తదియ నాడు తెల్లవారకముందే ఆడపిల్లలు లేచి, చద్ది తిని, చీకట్లోనే వీధులలోకి వచ్చి ఆడుకొనేవారు. చెమ్మచెక్కలు, ఒప్పులకుప్పలు, చెట్లకు ఉయ్యాలలు. ఊరి వీధి ఆ ఒక్క పూట వారిదే. వ్రతఫలం మంచి మొగుడే కావచ్చు, కాని ఆట మాత్రం వారి సొంతం. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు పూల కోసం చేలగట్లు, గుట్టలు తిరిగినది ఎవరు? సంప్రదాయంలోని నోమును ఉంచుకొని ఆటను తీసేసినవారం మనం. ఇప్పుడు ఆట సంప్రదాయం కాదంటున్నాం!

పండితులకు మరొక మాట. నరకాసురవధలో సత్యభామ యుద్ధాన్ని మనం ఎంత పారవశ్యంతో చెబుతాం! పోతన భాగవతంలో, తానూ వస్తానని సత్య అడిగినప్పుడు కృష్ణుడు కూడ మొదట వద్దనే అన్నాడు. అది నీవు చూసే ఉద్యానవనం వంటి చోటు కాదు, భయంకరమైన రాక్షసుల చోటు అని వర్ణించి మరీ చెప్పాడు. నీవు ఉండగా నాకు భయమేమిటని ఆమె అన్నది. అంతట ఆయన వెంట తీసుకొని వెళ్ళాడు. ఆమె విల్లు పట్టినప్పుడు పక్కన నిలబడి చూశాడు. తండ్రులకు, తాతలకు, బడిపంతుళ్ళకు ఇందులో ఉన్న పాఠం నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠంలో ఒక్కసారీ చెప్పలేదు. అలంకారాలు చెప్పి గంట కొట్టగానే బయటికి వచ్చాను.

మూడవది, అవన్నీ ఎవరో అసాధారణ బాలికలకన్నది. మాలావత్ పూర్ణను తలచుకోండి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న, పధ్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే, టిబెట్టు వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ కూడ శిఖరం చేరాడు. రాష్ట్ర విభజన అప్పటికి ఎనిమిది రోజుల దూరంలో ఉన్నది. రెండు వైపులవారూ మా పిల్ల అని మురిసిపోయారు. కాని ఆమె పుట్టుకతో పర్వతారోహకురాలు కాదు. గురుకులాల పిల్లలు అనేకులను పోగుచేసి భువనగిరి కొండ మీద తాడు పట్టుకోవడం నేర్పితే, వారిలో నుంచి తేలిన పిల్ల. ఆ కొండను తొలిసారి చూసినప్పుడు భయపడ్డానని తానే చెప్పింది. తరువాత డార్జిలింగు, లడఖ్, ఆ తరువాతే ఎవరెస్టు. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తి చేసింది. మనం ఆమెకు దండలు వేశాం, సినిమా చూశాం, ఇంటికి వచ్చి మన పిల్లను డాబా మీదికి ఒంటరిగా వెళ్ళవద్దన్నాం. భువనగిరి కొండ అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. తాడు పట్టించేవారే కరువు.

అసాధారణుల మాట అటుంచండి. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు, నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. మొదట్లో వీధులలో ఎకసెక్కాలు ఎదురైనాయి. ఒక్కతె తొక్కితే ఎకసెక్కానికి లొంగేదేమో. వందలమంది ఒక్కసారిగా రోడ్డెక్కితే ఎకసెక్కమే అలసిపోయింది. జట్టుకు ఉన్న బలం అది. ఒంటరి ధైర్యం వరం కావచ్చు, జట్టు ధైర్యం మాత్రం ఎవరికైనా నేర్పగల విద్య.

ఇక నల్లబడతారు, మార్కులు తగ్గుతాయి, నెలసరి ఇబ్బంది అనే మాటలు. మొదటిదానికి జవాబు చెప్పను, చెప్పడమే దానికి గౌరవం. రెండు రోజుల శిబిరంతో జారిపోయే మార్కులు నిలిచేవి కావు. మూడవది మాత్రం నిజమైన ఇబ్బంది. శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్ళు, శిక్షణ పొందిన ఉపాధ్యాయినులు లేని శిబిరానికి పిల్లలను పంపవద్దు. అవి ఏర్పరచమని గట్టిగా అడగండి. లేవు గనుక మానుకోండి అనడం వేరు, లేవు గనుక పెట్టండి అనడం వేరు.

ఆ సంచిపిల్ల ఇప్పుడు ఏ జిల్లాకు కలెక్టరో అని మీరు ఎదురుచూస్తుంటే నిరాశ పడతారు. పదవ తరగతి కాగానే పెళ్ళి చేశారు. చదువు అక్కడితో ఆగింది. శిబిరాలు అన్నింటినీ సరిదిద్దుతాయని నేను చెప్పలేను. కొన్నేళ్ళ క్రితం ఒక మండల కేంద్రంలో బస్సు కోసం నిలబడి ఉంటే, బట్టల దుకాణంలో నుంచి "మాస్టారూ" అన్న పిలుపు వినపడింది. దుకాణం ఆమెదే. కూర్చోబెట్టి, టీ తెప్పించి, వచ్చిన బేరగాడితో ధర గట్టిగా మాట్లాడి పంపించి, నాతో అన్న మొదటి మాట, "ఆ రాత్రి డేరా జ్ఞాపకముందా మాస్టారూ?" అని. నేను చెప్పిన పద్యాలలో ఒక్కటైనా గుర్తున్నదా అని అడగాలనిపించి, అడగడానికి ధైర్యం చాలక ఊరుకున్నాను.

కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి బడిలో వారానికి రెండు గంటలు ఆటస్థలం మొత్తంగా ఆడపిల్లలకు విడిచిపెట్టాలి. ఏడాదికి ఒక్కసారైనా, దూరం పోలేకపోతే బడి ఆవరణలోనే సరే, వారి చేత డేరా వేయించి, వంట చేయించి, ఒక రాత్రి గడపనివ్వాలి. నిమ్మకాయ, చెంచా పోటీని పసిపిల్లలకు పరిమితం చేయాలి. అన్నిటికంటె ముందు, నావంటి పెద్దమనుషులు కాగితం మీద అందంగా 'కాదు' అని వ్రాయడం మానుకోవాలి.

అనుమతి పత్రం ఇంకా బల్ల మీదనే ఉన్నది. గడువు శనివారం. ఈ రాత్రి భోజనాలైన తరువాత మా అబ్బాయిని కూర్చోబెట్టి 1996 నాటి ఉత్తరం కథ చెప్పదలచాను. వాడికి తెలియదు. తెలియకుండానే నా వాక్యాన్ని వాడుక భాషలోకి మార్చి కూతురికి చెప్పాడు. నన్ను మందలిస్తే మందలించనీ. సంతకం పెడితే అంతే చాలు.

మీ ఇళ్ళలో, మీరు చదివిన బడులలో ఈ విషయం ఎట్లా జరిగిందో వ్యాఖ్యలలో వ్రాయండి. విభేదించేవారు ఇంకా వివరంగా వ్రాయండి. సీసపద్యం సంగతి వచ్చే టపాలో.